నాడి లయ తప్పినప్పుడు

ఈ ప్రసంగము వినుచున్నవారు ఒక్క క్షణము తమ కుడిచేతి మణికట్టుమీద, బొటనవ్రేలి మొదటికి దిగువను, ఎడమచేతి మూడు వ్రేళ్ళను మెల్లగా ఆనించి చూడవలెనని మా కోరిక. వ్రేళ్ళక్రింద నాడి తగులును. అది వేగముగా నున్నదా, నెమ్మదిగా నున్నదా అను ప్రశ్నను కొంతసేపు ప్రక్కకు పెట్టుదము. ఒక దెబ్బకును తరువాతి దెబ్బకును నడుమనున్న విరామము సమానముగా నున్నదా? లేక ఒకటి దగ్గరగా, ఒకటి దూరముగా, ఒకటి గట్టిగా, ఒకటి అంటీ అంటనట్లుగా, ఏ లెక్కకును లొంగక పడుచున్నదా? నేడు మనము ముచ్చటించుకొనబోవునది ఈ రెండవ విధమగు నాడినిగూర్చి.

మన పల్లెలలో వైద్యుడనగా నాడి పట్టి చూచువాడు. బసవరాజీయము వంటి మన వైద్యగ్రంథములు నాడీపరీక్షకు పెద్దపీట వేసినవి. లయ తప్పిన నాడి ఏ దేశపు వైద్యులకును క్రొత్తది కాదు. ఐతే ఆ తప్పు గుండెలో ఎచ్చట జరుగుచున్నదో తెలియుటకు 20వ శతాబ్దము రావలసివచ్చినది. హాలండు దేశీయుడైన విలెం ఐంథోవెన్ గుండెలోని విద్యుత్తును గీతలుగా వ్రాయు యంత్రమును నిర్మించి, 1906లో ఇట్టి నాడిగల రోగి హృదయలేఖనమును ప్రకటించెను. 1909లో లండనునందలి థామస్ లూయిస్ ఆ గీతలలోని భావమును చదివి, ఈ లయభంగమునకు మూలము గుండె మీదిగదులలోని కంపనమని నిరూపించెను. ఐంథోవెన్‌నకు 1924లో నోబెల్ బహుమానము లభించినది. నేడు చిన్న పట్టణములలోసైతము కొద్ది నిమిషములలో తీయుచున్న ఇ.సి.జి. ఆ యంత్రపు సంతతియే.

గుండెలో నాలుగు గదులున్నవి. మీదివి రెండును కర్ణికలు. క్రిందివి రెండును జఠరికలు. శరీరమునుండియు ఊపిరితిత్తులనుండియు వచ్చిన రక్తమును కర్ణికలు అందుకొని క్రిందికి దింపును. జఠరికలు దానిని బలముగా బయటికి చిమ్మును. ఈ పనికి ఆజ్ఞ యిచ్చునది కుడి కర్ణిక గోడలోనున్న ఒక చిన్న కణసముదాయము. బ్రిటనులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను నిరువురు దీనిని 1907లో వర్ణించిరి. కోలాటమున నడుమ నిలిచిన గురువు తాళము వేయగా చుట్టునున్నవారందరు ఒక్కసారి కోలలు తగిలించినట్లు, ఆ కణసముదాయము సైగ చేయగనే కర్ణికలు ఒక్కుమ్మడిగా ముడుచుకొనును. విశ్రాంతిగానున్న మనిషిలో ఇది నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయములవరకు జరుగును.

ఆ కోలాటములోనే గురువు తాళము ఎవరికిని వినబడక, ఎవరికి తోచినట్లు వారు కోలలు కొట్టసాగిరనుకొందము. కర్ణికలలో అప్పుడు జరుగునది అదియే. కండరములో ఒక్కొక్క భాగము ఒక్కొక్క త్రోవ పట్టి, నిమిషమునకు 350 మొదలు 600 వరకు విద్యుత్ప్రేరణలు పుట్టును. కర్ణిక ముడుచుకొనదు, ఊరక వణకుచుండును. అదృష్టవశమున మీదిగదులకును క్రిందిగదులకును నడుమ ద్వారపాలకునివంటి కణముల ముడి యొకటి కలదు. అది ఈ ప్రేరణలన్నిటిని క్రిందికి పోనీయదు. ఐతే దేనిని పోనిచ్చునో, దేనిని ఆపునో దానికొక నియమము లేదు. కావుననే జఠరికలు అడ్డదిడ్డముగా కొట్టుకొనును. మణికట్టువద్ద నాడియు క్రమము తప్పును. దీనిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. మనము కర్ణికా కంపనమందము.

ఈ వ్యాధి కొందరికి గుండెదడగా తెలియును. కొందరికి మెట్లెక్కునపుడు ఆయాసముగా, కొందరికి కారణము తోచని నీరసముగా, తలతిరుగుటగా కనబడును. ఏ బాధయు లేకుండ, మరి దేనికొరకో ఇ.సి.జి. తీయించుకొన్నపుడు మాత్రమే బయటపడువారును అనేకులు కలరు. వయస్సు పైబడినకొలది ఇది హెచ్చుగా కనబడుచుండును.

వైద్యుడు చీటీలో ఈ వ్యాధి పేరు వ్రాయునపుడు దానికి ముందు మరియొక మాటను చేర్చును. పరాక్సిస్మల్ అనియో, పర్సిస్టెంట్ అనియో, పర్మనెంట్ అనియో వ్రాయును. ఆ చీటీ ఇంటికి వచ్చిన తరువాత ఇంటిల్లిపాదియు ఆ మాటకు అర్థము వెదకుదురు. చిన్న మాటయైనచో చిన్న జబ్బనియు, పెద్ద మాటయైనచో పెద్ద జబ్బనియు నిశ్చయించుకొందురు. ఈ నిశ్చయము ఎంత ప్రమాదకరమైనదో మేము చూచిన ఇద్దరి కథవలన తెలియగలదు.

మొదటివారు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వయస్సు 68. రక్తపుపోటు ఉన్నది. ఆయనకు నెలకొకసారి గుండె దడదడలాడి, రెండు మూడు గంటలలో తనంతటతానే సర్దుకొనెడిది. వచ్చిపోవు రకమని వినగనే ఆయన మనస్సు కుదుటపడినది. మూడు నెలలు దడ రాలేదు. రాని జబ్బునకు మందెందులకని తోచి, రక్తము గడ్డకట్టకుండుటకు ఇచ్చిన మాత్రలను ఎవరికిని చెప్పక మానివేసిరి. రెండవవారు 74 ఏండ్ల గృహిణి. ఆమె చీటీలో శాశ్వతమను అర్థమిచ్చు మాట యుండెను. దానిని చూచి కుమారులు దూరపు ఊళ్ళనుండి పరుగెత్తుకొని వచ్చిరి. ఆమెకిక అంత్యకాలము సమీపించినదని చుట్టములు గుసగుసలాడిరి. ఈ ఇద్దరిలో ఎవరికి కీడు మూడినదో ప్రసంగాంతమున చెప్పుదుము. ముందుగా ఆ మాటల అర్థమును విచారింతము.

మొదటి రకము వచ్చిపోవు కంపనము. ఇది చుట్టపుచూపుగా వచ్చు వ్యాధి. ఉన్నట్టుండి వచ్చును, కొన్ని నిమిషములో, గంటలో, దినములో ఉండి పోవును. తనంతటతాను గాని, చికిత్సచే గాని 7 దినములలోపల సర్దుకొన్నచో దానిని ఈ రకముగా లెక్కింతురు. ఈ రకముగల ఒక రోగివలన వైద్యలోకమునకు ఒక పాఠము లభించినది. 1912లో కారెల్ వెంకెబాక్ అను ప్రసిద్ధవైద్యునికడకు ఒక డచ్చి వర్తకుడు వచ్చెను. నాడి లయ తప్పియున్నది. దీనిని సరిచేయుటకు తమవద్ద ఉపాయము లేదని వైద్యుడు చెప్పగా, తాను మరునాడు సరియైన నాడితో వచ్చెదనని ఆ వర్తకుడు పలికి, అట్లే వచ్చి చూపెను. చలిజ్వరపు మందైన క్వినైనును ఒక గ్రాము పుచ్చుకొన్నచో తన దడ ఆగిపోవునని ఆయన తనంతట తానే కనిపెట్టియుండెను. వెంకెబాక్ ఈ సంగతిని దాచక 1914లో తన గ్రంథమున వ్రాసెను. 1918లో వాల్టర్ ఫ్రై అను వైద్యుడు ఆ జాతిదే యగు క్వినిడిను మరింత బాగుగా పనిచేయునని చూపెను. గుండె లయను దిద్దు మందుల చరిత్రలో ఇదియొక ముఖ్యఘట్టము. ఐతే ఈ కథ విని ఎవరును క్వినైను కొనవలదు. లయను దిద్దు మందే కొందరిలో అంతకంటె భయంకరమైన లయభంగమును తేగలదు. నేడు ఇంతకంటె మేలైన మందులున్నవి. వానిని ఎన్నుటకు వైద్యులున్నారు.

రెండవ రకము తిష్ఠవేసిన కంపనము. చుట్టపుచూపుగా వచ్చినవాడు వారము దాటినను కదలకున్నచో మనము ఏమనుకొందుము? ఇదియు అంతే. 7 దినములకు మించి ఎడతెగక నిలిచినచో దానిని పర్సిస్టెంట్ అందురు. దీనిని పంపవలెనన్న సాధారణముగా మందు గాని, విద్యుత్తు గాని ఉపయోగింపవలసియుండును. రోగికి మత్తునిచ్చి, రొమ్ముమీదుగా క్షణకాలము కొలతప్రకారము విద్యుత్తును ప్రసరింపజేసినచో, కోలాహలమంతయు ఒక్కసారి అణగి, గురువు తాళము మరల వినబడును. కంపనము మొదలై ఎంత కాలమైనదో నిశ్చయముగా తెలియనపుడు, ఈ పనికి పూర్వము కనీసము 3 వారములు రక్తము గడ్డకట్టకుండ మందిత్తురు. లేదా కర్ణికలో గడ్డ లేదని లోపలినుండి పరీక్షచేసి చూతురు. తరువాత కనీసము 4 వారములు ఆ మందు కొనసాగించుట తప్పనిసరి.

వచ్చిపోవునది తిష్ఠవేయునదిగా ఎట్లు మారును? దీనికి హాలండులోని మాస్ట్రిక్ట్ నగరమున మారిట్స్ అలెస్సీయును ఆయన సహచరులును 1995లో ప్రకటించిన ప్రయోగము చక్కని సమాధానము. వారు కొన్ని మేకల గుండెలకు యంత్రమును అమర్చి, కృత్రిమముగా కర్ణికా కంపనమును కల్పించిరి. మొదట అది కొద్ది సెకండ్లలో ఆగిపోయెడిది. ఆగినప్పుడెల్ల యంత్రము దానిని మరల రేపుచుండెను. దినములు గడచినకొలది అది ఆగుటకు పట్టు కాలము పెరిగినది. వారము రెండువారములలో పెక్కు మేకలలో 24 గంటలు దాటినను ఆగకుండెను. అనగా కంపనమే కంపనమును పెంచి పోషించుచున్నది. వణకుటకు అలవాటుపడిన కర్ణిక తన విద్యుత్స్వభావమునే మార్చుకొనుచున్నది. సరియైన లయ తిరిగి వచ్చి నిలిచినప్పుడు, ఆ విద్యుత్తు మార్పు కొద్ది దినములలోనే సర్దుకొన్నదనియు వారు చూచిరి. మనుష్యులలో కర్ణిక ఉబ్బుట, కండరమున నారపదార్థము పేరుకొనుట మున్నగు మార్పులును కలియును. ఇవి అంత సులభముగా సర్దుకొనునవి కావు. కనుక అప్పుడప్పుడు వచ్చు దడను ఉపేక్షింపరాదు.

మూడవది దీర్ఘకాలముగా తిష్ఠవేసినది. సంవత్సరమునకు మించి ఎడతెగక నిలిచినను, లయను తిరిగి తేవలెనని వైద్యుడును రోగియు ఇంకను ప్రయత్నించుచున్నపుడు దీనికి ఈ పేరు చెల్లును. ఆ ప్రయత్నమును ఇక విరమింతమని ఇరువురును కలిసి నిశ్చయించుకొన్నచో, అదే కంపనము నాలుగవ రకమగును. దానిని శాశ్వతము, పర్మనెంట్ అందురు. శ్రోతలు ఇచ్చట ఒక్క విషయమును గమనింపవలెను. శాశ్వతమను మాట గుండె చెడిపోయినదని చెప్పు తీర్పు కాదు. అది ఒక నిర్ణయమునకు పేరు. దడతో సంధిచేసికొని, నాడివేగమును మందులచే అదుపులో నుంచి, కాపురము సాగింతమను ఒడంబడిక. పరిస్థితులు మారినచో ఆ నిర్ణయమును మార్చుకొనవచ్చును. అప్పుడు పేరును మారును.

ఇట్టి సంధి తప్పా? 2002లో వెలువడిన అఫర్మ్ అను పరిశోధనలో 4,060 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టువారికి మందులచే లయను నిలుపుటకును, మరియొక జట్టువారికి వేగమును మాత్రము అదుపుచేయుటకును ప్రయత్నించిరి. ఆయుర్దాయమున మొదటి జట్టునకు మేలేమియు కనబడలేదు. తరువాత కాలము మారినది. 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరమున మిషెల్ ఐసగేర్ బృందము, ఈ కంపనమును రేపు నిప్పురవ్వలు పెక్కుసారులు ఊపిరితిత్తులనుండి వచ్చు సిరలలో పుట్టుచున్నవని చూపియుండెను. ఆ సిరల ముఖద్వారములను సన్నని గొట్టము ద్వారా కాల్చి గాని గడ్డకట్టించి గాని వేరుచేయు అబ్లేషన్ చికిత్స దానినుండి వచ్చినదే. 2020లో ఈస్ట్ అను పరిశోధన, జబ్బు బయటపడిన సంవత్సరములోపల లయను నిలుపుటకు పూనుకొన్నచో పక్షవాతము, హృదయసంబంధమైన మరణము మొదలగు కీడులు మొత్తముమీద తగ్గినవని తెలిపెను. వచ్చిపోవు దశలో ఈ చికిత్సలు ఎక్కువగా ఫలించును. ఏండ్లు గడచినకొలది ఫలము తగ్గును. కనుక రకమును తెలిసికొనుటవలన ప్రధానమైన ప్రయోజనము ఇది: లయను తిరిగి తెచ్చుటకు ఎంత ప్రయత్నింపవచ్చునో అది చెప్పును.

ఈ మూడు ప్రధాననామములును 1990 తరువాతి దశకమున వాడుకలోనికి వచ్చి, 2001లో అమెరికా, యూరపు వైద్యసంఘములు కలిసి వెలువరించిన మార్గదర్శకములలో స్థిరపడినవి. 2023లో అమెరికా సంఘములు మరియొక అడుగు వేసి, దీనిని దశలుగా విభజించినవి. ఇంకను కంపనము రాక, రక్తపుపోటు, స్థూలకాయము వంటి కారణములు మాత్రమే యున్నవారినిగూడ మొదటి దశగా లెక్కించినవి. దీని భావము స్పష్టము. దడ పుట్టుటకు పూర్వమే జాగ్రత్త మొదలు కావలెను.

కాలమునుబట్టి చేసిన ఈ విభజనకు తోడు మరియొక విభజన కలదు. అది మన దేశమున మిక్కిలి ముఖ్యము. పసితనమున గొంతునొప్పి వచ్చి, దానివెంట కీళ్ళవాపుతో జ్వరము వచ్చి, కొన్నాళ్ళకు ఎడమ కర్ణికకు క్రిందనున్న మైట్రల్ కవాటము ఇరుకగుట మనము చూచుచున్నాము. దీనిని రుమాటిక్ గుండెజబ్బందురు. ఇట్టివారిలో నడివయస్సు రాకముందే కర్ణికా కంపనము రావచ్చును. అమెరికాలోని ఫ్రేమింగ్‌హాం పట్టణమున 1948నుండి తరతరములుగా సాగుచున్న పరిశీలనలో 1978లో తేలినదేమనగా, ఈ కవాటవ్యాధి లేని కర్ణికా కంపనమున పక్షవాతపు ప్రమాదము 5 రెట్లకు మించియున్నది. కవాటవ్యాధితో కూడినపుడు 17 రెట్లు. ఈ రెండవ తెగవారికి మందుగూడ వేరు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధనలో, రుమాటిక్ గుండెజబ్బుగలవారికి క్రొత్తమందైన రివరాక్సబాన్ కంటె పాత తెగ మందులే మేలని తేలినది. కావున పొరుగింటివారి మాత్రను చూచి మన మాత్రను మార్చుకొనుట ఎంతమాత్రము తగదు.

పక్షవాతమన్నాము. గుండె వణకినచో మెదడునకు ఏల దెబ్బ తగులవలెను? ఎడమ కర్ణికకు ప్రక్కగా చెవి ఆకారమున నొక చిన్న సంచి కలదు. కర్ణిక ముడుచుకొనుచున్నంతకాలము అందలి రక్తము కదలుచుండును. వణకు మొదలిడినచో పారని కాలువలో నాచు పట్టినట్లు ఆ మూల రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ తునిగి, రక్తప్రవాహమున పడి, మెదడునకు పోవు నాళమున అడ్డుపడినచో, క్షణములో కాలుచేయి పడిపోవును; మాట పోవును. దడ తగ్గినంతమాత్రమున ఈ ప్రమాదము తీరదు. లయ తిరిగి వచ్చిన తరువాతగూడ కర్ణిక కొన్నాళ్ళు మందముగానే పనిచేయును. మనకు తెలియకుండ నిద్రలోనో, పనిలోనో కంపనము వచ్చిపోవుచుండవచ్చును.

నేటి ప్రసంగములో మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇది. వచ్చిపోవునది, తిష్ఠవేసినది, శాశ్వతము అను పేర్లు వ్యాధి కాలమును తెలుపును గాని, పక్షవాతపు ప్రమాదమును తూచునవి కావు. వచ్చిపోవు రకమున ఆ ప్రమాదము కొంత తక్కువ కావచ్చును. ఐనను మందు వలదనుటకు చాలినంత తక్కువ కాదు. రక్తము గడ్డకట్టకుండ మందియ్యవలెనా లేదా అనుటకు వైద్యుడు చూచునవి వేరు. కవాటము ఇరుకా? వయస్సు 65 దాటినదా, 75 దాటినదా? రక్తపుపోటు, మధుమేహము ఉన్నవా? గుండె బలము తగ్గినదా? ఇదివరకు పక్షవాతము వచ్చినదా? రక్తనాళములు పూడినవా? ఈ లెక్కలో దడ ఎన్ని గంటలుండెనను ప్రశ్నకు తావు లేదు. ఐతే ఒక్క మినహాయింపు కలదు. శరీరమున అమర్చిన పేస్‌మేకరు వంటి యంత్రము, రోగికి తెలియకుండ కొద్ది నిమిషములో గంటలో సాగిన కంపనమును పట్టి చూపవచ్చును. అట్టివారికి ఈ మందులవలన లాభము స్వల్పమనియు, రక్తస్రావపు నష్టము నిక్కమనియు 2023నాటి రెండు పరిశోధనలు సూచించినవి. అది వైద్యుడు మనిషిని చూచి తేల్చవలసిన విషయము.

ఈ మందులలో పాతది వార్ఫరిన్. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డిని మేసిన పశువులు నెత్తురోడి చచ్చుచుండగా, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ బృందము అందలి విషమును వేరుచేసినది. దానినుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అమ్మకమునకు వచ్చి, 1954లో మనుష్యుల వైద్యమునకు అంగీకరింపబడినది. ఎలుకలమందని జడియవలదు, కొలత తెలిసినవాని చేతిలో అది ప్రాణరక్షకము. ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష ఫలితము సామాన్యముగా 2కును 3కును నడుమ నుండునట్లు చూచుకొనవలెను. ఆకుకూరలలోని కె విటమిను దీనికి ఎదురు పనిచేయును. అందువలన తోటకూర, మునగాకు మానవలసిన పని లేదు. ఒక వారము బుట్టెడు తిని, మరు వారము పూర్తిగా మానుట కూడదు; ఎప్పుడును ఇంచుమించు ఒకే పాళముగా తినవలెను. 2010 తరువాత ఈ రక్తపరీక్ష అక్కరలేని క్రొత్తమందులు వచ్చినవి. మైట్రల్ కవాటము బాగుగా ఇరుకైనవారును, లోహపు కవాటము పెట్టించుకొన్నవారును మాత్రము పాతదానినే వాడవలెను. కొందరు ఆస్పిరిన్ చాలునని తలంతురు. 2011లో అవెరోయెస్ అను పరిశోధన, క్రొత్తమందులలో ఒకటైన అపిక్సబాన్ ఆస్పిరిన్ కంటె పక్షవాతమును చాల ఎక్కువగా ఆపుననియు, పెద్ద రక్తస్రావము ఇంచుమించు సమానమే యనియు చూపినది. ఈ పనికి ఆస్పిరిన్ సాటి రాదు.

ఇంటిలో మనము చేయదగినదియు లేకపోలేదు. రక్తపుపోటును అదుపున నుంచుట, పెరిగిన బరువును తగ్గించుట, పెద్దగా గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగుచున్నవారు పరీక్ష చేయించుకొనుట, థైరాయిడు గ్రంథి అతిగా పనిచేయుచున్నదేమో చూపించుకొనుట, ఇవియన్నియు కంపనమును తగ్గించును. మద్యము దీనికి బద్ధశత్రువు. సెలవుదినములలో మితిమీరి త్రాగి దడతో ఆసుపత్రికి వచ్చినవారిని గమనించి, 1978లో అమెరికా వైద్యులు దీనికి సెలవుదినపు గుండె యని పేరుకూడ పెట్టిరి. పిల్లలకు గొంతునొప్పితో జ్వరము వచ్చినపుడు ఉపేక్షింపక వైద్యునికి చూపుట, కీళ్ళవాతపు జ్వరము వచ్చిన బిడ్డకు చెప్పిన కాలమంతయు పెనిసిలిన్ సూదిమందు తప్పక వేయించుట, ముందు తరమువారి గుండెలకు మనము చేయు మేలు.

ఇక ఆ ఇద్దరి సంగతి. శాశ్వతమను మాట వ్రాయించుకొన్న ఆ తల్లి నేటికిని వేళతప్పక మాత్రలు వేసికొనుచు, మనుమలకు అన్నము కలిపి పెట్టుచున్నది. ఎనిమిది సంవత్సరములు గడచినవి. నాడి ఇప్పటికిని అడ్డదిడ్డముగానే యున్నది; వేగము మాత్రము అదుపులో నున్నది. మందు మానిన ఉపాధ్యాయులు ఒకనాటి ఉదయమున కాఫీగ్లాసు అందుకొనబోగా కుడిచేయి లేవలేదు. భార్యను పిలువబోగా మాట రాలేదు. ఆసుపత్రికి వెంటనే తెచ్చినందున ప్రాణము దక్కినది, కొంత నడక వచ్చినది. నలుబది ఏండ్లు పాఠములు చెప్పిన నోరు మాత్రము నేటికిని మాటలకొరకు వెదకుకొనుచున్నది. మందు ఏల మానిరని ఆయనను మేమెన్నడును అడుగలేదు. దడ రాకున్నను మాత్ర ఏల వేసికొనవలెనో మొదటినాడే ఆయనకు నచ్చునట్లు చెప్పియుండవలసినదని మాత్రము మాలో మేము అనుకొంటిమి. నేటి ఈ ప్రసంగము ఆనాడు చెప్పకపోయిన ఆ మాటయే.

మూతి వంకరపోయినను, ఒక చేయి బలము తప్పినను, మాట ముద్దయైనను, తెల్లవారనిమ్మని గాని, నూనె రాచి చూతమని గాని కాలము పుచ్చవలదు. 108కి తెలిపి, మెదడు పరీక్ష చేయు యంత్రమున్న ఆసుపత్రికి తరలింపుడు. గడ్డను కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యదగినది. రోగి ఏ మాత్రలు వాడుచున్నాడో ఆ చీటీని వెంట కొనిపోవుట మరువవలదు.

ప్రసంగారంభమున మణికట్టుమీద వ్రేళ్ళు ఆనింపుడని కోరితిమి. ఇంటిలో 65 ఏండ్లు దాటినవారున్నచో, వారి నాడినిగూడ అట్లే ఒక నిండు నిమిషము చూడుడు. లయ తప్పినదని తోచినచో భయపడక ఒక ఇ.సి.జి. తీయింపుడు. వైద్యుడు రకమేదో చెప్పినపుడు తలయూపి ఊరకుండక, ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగుడు: లయను తిరిగి తెచ్చుటకు వీలున్నదా? పక్షవాతము రాకుండ మందు కావలెనా? మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానమును రెండవదానికి ఎన్నడును చెల్లింపవలదు.